లూకన్ పెరట్లో దొంగ నీలి

లూకన్
11 ఫిబ్రవరి 2024

గిరిజ వదినకి,

వసుంధర నమస్కారాలు. మీరూ, అన్నయ్యా స్లైగోలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడి ఐరిష్‌వాళ్లు అన్నట్టు మేం గ్రాండ్‌గానే ఉన్నాం. వాన తెరిపివ్వట్లేదు, అంతే.

ఫోన్ ఉండగా ఈ మహాతల్లి కాయితం మీద రాస్తోందేమిటి అనుకుంటున్నారు కదూ! అన్నయ్య తీర్పు మర్చిపోయారా? మీరు ఇక్కడ వదిలి వెళ్లిన సోఫా గురించి క్రిస్మస్ సెలవుల్లో మనిద్దరం ఫోన్లో అనుకున్న మాటలకి పాపం ఆయనకి బీపీ పెరిగింది. ఊరందరికీ బీపీ చూసే డాక్టరుగారాయె. "ఇక మీద ఇంటి సంగతులు ఫోన్లో వద్దు తల్లీ, ఉత్తరాలు రాసుకోండి, రాసేటప్పుడైనా కాస్త ఆలోచిస్తారు" అన్నాడు. వాట్సాప్‌లో రాద్దామంటే మన ఫ్యామిలీ గ్రూపులో పొరపాటున పడిందంటే కాకినాడ దాకా పాకుతుంది. అందుకని స్టాంపు కొన్నాను.

సంగతేమిటంటే, పెరట్లో పిల్లల ట్రాంపొలిన్ తీసేశాం. ఆశ్రితకి పదిహేడు వచ్చాయి, ఇంకేం గెంతుతుంది? అది ఉన్నచోట గడ్డి చచ్చిపోయి బట్టతలలా ఉంది. అక్కడ ఏటేటా తనంతట తాను మొలిచే పూలతోట వేద్దామని నా సరదా. పోయిన జూన్‌లో గ్లాస్‌నెవిన్ బొటానిక్ గార్డెన్‌లో ఒక మొక్క చూశాను. నడుమెత్తు పొద, నీలం పూల కంకులు, ఆకు మెంతి ఆకులా మూడేసి. పేరు ఫాల్స్ ఇండిగో అని రాసిపెట్టారు. దొంగ నీలి అన్నమాట. ఆ పక్కనే నిలబడి మా ఆయన రెండు ఐస్‌క్రీములు తినేశారు, నేను మాత్రం కదల్లేకపోయాను.

దాన్లో ఏ రకం మంచిది, పక్కన ఏం పెట్టాలి? మీరు బాటనీ ఎమ్మెస్సీ, కాలేజీలో పాఠాలు చెప్పినవారు, మీకు తెలియనిదా? మీ ఇల్లు కాబట్టి మిమ్మల్ని అడగడం ధర్మం కూడాను. అన్నయ్యనడిగితే "నీ ఇల్లేననుకో వసూ, నీ ఇష్టమొచ్చింది పెట్టుకో" అన్నాడు. అయినా మీ మాట కూడా కావాలి నాకు.

జవాబు కోసం చూస్తూ,
వసుంధర


స్లైగో
19 ఫిబ్రవరి

వసుంధరకి,

ఉత్తరం అందింది. సోఫా సంగతి నేను మర్చిపోయాను. నువ్వు రాశావు కాబట్టి మళ్లీ గుర్తొచ్చింది.

నువ్వు చూసింది బాప్టీషియా. అసలు నీలి మొక్క దొరకని చోట దీని ఆకుతో బట్టలకి రంగు వేసేవారు. రంగు అంతంత మాత్రం. అందుకే ఆ పేరు. మన జనుముకి చుట్టం, పువ్వు అచ్చం జనుము పువ్వే, కాకపోతే నీలం. కాయ ఎండితే లోపల గింజలు గలగలమంటాయి. ఆస్ట్రేలిస్ అన్నది పాతకాపు, గట్టిపిండం, ముదురు నీలం. పర్పుల్ స్మోక్ అని ఒకటుంది, కాడ నలుపు, పువ్వు పొగరంగు ఊదా. కరొలీనా మూన్‌లైట్ లేత వెన్న రంగు. తెల్లది కూడా ఉంది, నల్లటి కాడ మీద తెల్ల పువ్వు, చూడముచ్చటగా ఉంటుంది.

ఇదంతా అడిగావు కాబట్టి చెప్పాను. పెట్టమని మాత్రం చెప్పను. కొన్న ఏడు ఆకే. రెండో ఏడూ ఆకే. మూడో ఏడు దాని మనసు బాగుంటే పూస్తుంది. వేరు బావిలోకి దిగినట్టు దిగుతుంది. కుదురుకున్నాక తవ్వి ఇంకోచోట పెట్టావంటే అలిగి చస్తుంది. పైగా అక్కడిది బంకమట్టి, కింద బిల్డర్లు పూడ్చిన ఇటుక ముక్కలు. నేను గులాబీలు పెట్టినప్పుడు సంచుల కొద్దీ ఏరాను.

నా మాట విని కుండీలు పెట్టుకో. డాలియాలు, స్వీట్ పీ ఈ ఏడే పూస్తాయి. ఎక్కడికెళ్తే అక్కడికి తీసుకెళ్లచ్చు.

ఆ ఇంట్లోకొచ్చి రెండేళ్లు దాటింది కదా, ఉన్నట్టుండి ఇప్పుడెందుకు పుట్టింది ఈ తోట సరదా?

మీ అన్నయ్య బాగున్నారు. అందరికీ బాగానే ఉంటారు.

గిరిజాకుమారి


లూకన్
1 మార్చి

వదినకి,

"ఎక్కడికెళ్తే అక్కడికి" అని రాశారు. మేం ఎక్కడికి వెళ్తున్నాం వదినా?

ఆ ముక్క చదివి నాకు అన్నం సహించలేదు. మా ఆయన "మామూలుగా రాసి ఉంటారులే" అంటారు. ఆయన క్లోనీ డేటా సెంటర్లో రాత్రనక పగలనక మెషీన్లన్నిట్నీ అనుమానిస్తూ కూర్చుంటారు, మనుషుల్ని మాత్రం అనుమానించరు. ఇంట్లో ఆ ఉద్యోగం నాది.

ఉత్తరం వచ్చిన రెండోరోజే ఎవడో మనిషి వచ్చాడు. నేను పనిలో ఉన్నాను. ఎదురింటి ప్రసన్న కుమార్ అంకుల్ కిటికీలోంచి చూశారట, ఆయన చూడనిది ఈ హౌసింగ్ ఎస్టేట్‌లో ఏదీ లేదు. ఎర్రలైటు పడే పరికరం ఒకటి పెట్టి సైడు గేటు నుంచి పెరటి గోడ దాకా కొలిచాడట. ఎవరయ్యా అంటే "ఓనరు పంపారు" అన్నాడట. మాకు ఒక్క మాట లేదు. ఇల్లు కొలిచేది ఎందుకో చిన్నపిల్లాడికైనా తెలుసు. అమ్మేటప్పుడే కదా!

మూడేళ్ల దాకా పూయని మొక్క పెట్టొద్దన్నారంటే మూడేళ్ల లోపు మమ్మల్ని పంపేస్తారనేగా? ఉన్నమాట చెప్పండి. ఆశ్రితకి వచ్చే ఏడు జూన్‌లో లీవింగ్ సర్ట్, బడి ఆఖరి పరీక్ష. దాని బడి, దాని స్నేహితులు, దాని బస్సు అన్నీ ఇక్కడే. ఈ ఊళ్లో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే గుమ్మం ముందు తిరుపతి క్యూ. పోయిన నెల మా ఆయన ఆఫీసులో దశరథగారి కుటుంబం డాక్యుమెంట్లు చేత్తో పట్టుకుని వానలో నిలబడి తిరిగొచ్చారు. నాకు భయం కాదూ?

మొక్కలు ఆర్డరిచ్చేశాను. ఆస్ట్రేలిస్ ఒకటి, పర్పుల్ స్మోక్ ఒకటి, కరొలీనా మూన్‌లైట్ ఒకటి. పక్కన ఏం పెట్టాలో మీరు చెప్పనే లేదు. చెప్పడం ఇష్టం లేకపోతే గూగుల్‌ని అడుక్కుంటాను.

వసుంధర


స్లైగో
12 మార్చి

వసుంధరకి,

మూడూ ఆర్డరిచ్చేశాక నా మాట కావాలనడం దేనికి? పెళ్లి ముహూర్తం పెట్టేసి పిల్ల నచ్చిందా అని అడిగినట్టుంది.

సరే, నీకే కాదు అనుమానాలు, నాకూ ఉన్నాయి. పెరట్లో పెట్టడానికి లోకంలో ఇన్ని వేల మొక్కలుండగా, మూడేళ్లకి పూసి, ముప్ఫై ఏళ్లు బతికి, కదిపితే చచ్చే మొక్కనే ఏరికోరి పట్టుకున్నావు. దాని అర్థం నాకు తెలియదనుకోకు. ఆ ఇంట్లోంచి కదలవు నువ్వు. రేపు నేనేమైనా అంటే "అయ్యో, నా మొక్కలు" అని మీ అన్నయ్య ముందు కళ్లనీళ్లు పెట్టుకుంటావు. ఆడపడుచు కంటతడి పెడితే ఆయన ఆస్తి మొత్తం రాసిచ్చే రకం.

నా గులాబీలు పీకేశావట కూడా. పక్కింటి సుధేష్ణ ఫోన్ చేసి చెప్పింది. నాకు ఒక్క ముక్క రాయలేదు నువ్వు.

కొలతల మనిషి సంగతి నాకేం తెలుసు?

ఇక పక్క మొక్కలు. తప్పు మొక్క పెడితే చూస్తూ ఊరుకోలేను, అది నా జబ్బు. దొంగ నీలి మొదట్లో కాళ్లు బోసిగా ఉంటాయి, అందుకని ముందు వరసలో జెరేనియం రోజాన్ పెట్టు, చీర కుచ్చిళ్లలా కప్పేస్తుంది. మే నెలలో పూయడానికి అలియం గడ్డలు, కానీ అవి వచ్చే శరత్తులోనే నాటాలి. సైబీరియన్ ఐరిస్ పెడితే నీలానికి నీలం జోడు. పియొనీ ఒకటి తప్పకుండా పెట్టు, తెల్లది. అందరి పూలూ అయిపోయాక ఆగస్టు తర్వాత ఆస్టర్‌లు కాపాడతాయి. ఎరువు వెయ్యకు, పప్పు జాతి కదా, దాని తిండి అదే చేసుకుంటుంది. మట్టిలో గులకరాయి కలుపు, నీళ్లు నిలవకూడదు.

మడి ఆ చిన్న పడగ్గది, అదే బాక్స్ రూమ్, కిటికీ కింద వెయ్యి. అక్కడైతే బాగుంటుంది.

అన్నట్టు, బాక్స్ రూమ్ రేడియేటర్ పనిచేస్తోందా, గది వెచ్చబడుతోందా? ఆ కిటికీ గట్టిగా మూసుకుంటోందా? ఇప్పుడు అందులో ఎవరు పడుకుంటున్నారు? మెయిన్ స్ట్రీట్‌కి బస్సు పొద్దున్న ఎన్ని గంటలకి మొదలవుతుంది?

గిరిజాకుమారి


లూకన్
24 మార్చి

వదినకి,

ముందు గులాబీల సంగతి. నేను పీకలేదు, అవే పోయాయి. ఆకుల మీద నల్లమచ్చ. మిగిలిన రెండిటినీ తీసి కంచె దగ్గర పెట్టాను, చిగుళ్లేశాయి. సుధేష్ణకి ఇంతకంటే పనేం లేదా? మా ఇంట్లో టీ తాగి వెళ్లి మీకు ఫోన్ చేస్తుందా! ఈసారి రానివ్వండి, టీలో చక్కెర కూడా వెయ్యను.

ఇక అసలు సంగతి. వదినా, బాటనీ చదివినవారు మీరు, నేను బీకామ్. అయినా నాకే తెలుసు, బాక్స్ రూమ్ కిటికీ ఉత్తరం వైపు. పొద్దున్న కాసేపు తప్ప ఎండ రాదు. రోజంతా ఎండ కావాల్సిన మొక్కని మీరు నీడలో పెట్టమన్నారు. తెలియక అన్నారంటే నేను నమ్మను. ఒకటి, మొక్కలు చావాలనైనా అని ఉండాలి. లేదా ఆ గది మీద మీకేదో కన్నుండాలి. రేడియేటర్ అడిగారు, కిటికీ అడిగారు, బస్సు అడిగారు. ఇల్లు కొనేవాడు అడిగే ప్రశ్నలు అవి. ఎవరికి చూపిస్తున్నారు?

ఇంకో మాట. పియొనీ గురించి చదివాను. అది యాభై ఏళ్లుంటుందట, దాన్నీ కదపకూడదట. మూడేళ్ల మొక్క వద్దన్న మనిషి యాభై ఏళ్ల మొక్కని "తప్పకుండా" పెట్టమంటుందా? అది ఎవరి కోసం వదినా?

ఇదంతా ఒక ఎత్తు. మంగళవారం ఆశ్రిత బడి నుంచి వచ్చి "మామ్, ఐ స్వేర్, దట్ వాజ్ అత్తయ్య. షీ హ్యాడ్ ఎ ఫోల్డర్ అండ్ ఆల్" అంది. బస్సులోంచి చూసిందట, మీరు మెయిన్ స్ట్రీట్‌లో బ్యాంకు పక్కన నిలబడి ఉన్నారట, నీలం కోటు. దానికి తెలుగు మాట్లాడ్డం రాదు గానీ కళ్లు బాగానే పనిచేస్తాయి. అన్నయ్యకి ఫోన్ చేస్తే "మీ వదినా? ఇంట్లోనే ఉందమ్మా, ఎక్కడికీ వెళ్లలేదే" అన్నాడు.

స్లైగో నుంచి లూకన్ దాకా వచ్చి, మేమున్న ఇంటికి కూతవేటు దూరంలో తిరిగి, గడప తొక్కకుండా వెళ్లారు. నేనేం పాపం చేశాను? సోఫా గురించా? తీసుకుపొండి ఆ సోఫా.

వసుంధర

తా.క. మీ ఉత్తరం ఆఖరి పేజీ అన్నయ్యకి ఫోటో తీసి పంపాను. నాకేం అర్థం కాలేదు, ఆయనకైనా అవుతుందేమోనని.


స్లైగో
2 ఏప్రిల్

వసుంధరా,

నిన్న అన్నం తింటూ మీ అన్నయ్య "బాక్స్ రూమ్ రేడియేటర్ నీకెందుకు గిరిజా?" అని అడిగారు. ఎంత నెమ్మదిగా అడిగారంటే పెరుగు గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది. నేను నీకు రాశాను గానీ ఆయనకి రాయలేదు. ఆడవాళ్లం మనిద్దరం కొట్టుకున్నా తిట్టుకున్నా ఆ కాయితం మన మధ్య ఉంటుందనుకున్నాను. ఎంత బుద్ధి తక్కువదాన్నో!

అవును, లూకన్ వచ్చాను. మీ గుమ్మం దాకా కూడా వచ్చాను. లోపల ప్రెషర్ కుక్కర్ కూత వినపడింది. బెల్లు కొట్టకుండానే వెనక్కి వెళ్లాను. ఎందుకొచ్చానో చెప్పను.

నన్ను అనుమానించే ముందు నీ సంగతి చూసుకో. జూన్ కల్లా మీరే ఆ ఇల్లు ఖాళీ చేస్తున్నారని, క్లాండాల్కిన్‌లో ఇల్లు కూడా మాట్లాడుకున్నారని మీ అన్నయ్య నాతో డిసెంబర్లోనే చెప్పారు. "వసూయే అడిగింది, వాళ్లాయన ప్రసాద్ ఆఫీసుకి దగ్గరట" అన్నారు. క్లాండాల్కిన్ నుంచి క్లోనీకి దగ్గరెలా అవుతుందో నాకప్పుడే తట్టాల్సింది. అంత పెద్ద సంగతి నాతో ఒక్క ముక్క చెప్పకుండా, వెళ్లిపోయే ఇంట్లో ముప్ఫై ఏళ్ల మొక్కలు పెడతానని రాస్తే నేనేమనుకోవాలి? చెల్లెలు పైకి ఒకటి చెప్పి లోపల ఇంకోటి చేస్తోందనేగా?

ఇక మొక్కల గురించి నన్ను అడగకు.

గిరిజాకుమారి

తా.క. మొలక వచ్చేటప్పుడు నల్లటి వేళ్లలా మట్టిలోంచి పైకొస్తుంది. కలుపనుకుని పీకేవు. నత్తలు ఒక్క రాత్రిలో తినేస్తాయి, చుట్టూ గరుకు ఇసుక పొయ్యి.


లూకన్
10 ఏప్రిల్

వదినా,

నిన్న ఉగాది. పచ్చడి చేశాను గానీ నోట్లో పెట్టుకుంటే అన్నీ చేదే తగిలాయి. మీ ఉత్తరం పొద్దున్నే వచ్చింది.

ఎవరన్నారు జూన్ అని? ఏ క్లాండాల్కిన్? మా ఆయన క్లాండాల్కిన్ వెళ్లింది ఒక్కసారి, కారు టైరు మార్చుకోడానికి. నేను ఖాళీ చేస్తానని కలలో కూడా అనలేదు. మీరు నమ్మరని తెలిసి, అక్కడికక్కడే అన్నయ్యకి ఫోన్ కలిపాను, స్పీకర్లో పెట్టి, మా ఆయన వింటుండగా.

"నువ్వు వదినతో మేం జూన్‌లో వెళ్తామని చెప్పావా?" అన్నాను.

"తను అడిగింది కదమ్మా" అన్నాడు.

"మరి నాతో ఈ ఇల్లు నీదే అనుకో అన్నావు?"

"నువ్వూ అడిగావు కదా."

"అన్నయ్యా, ఇల్లు ఒకటే కదా!"

"ఇద్దరూ అంత ఆశగా అడిగారు, కాదని ఎలా అంటాను వసూ? ఇద్దరికీ సరేనన్నాను. ఎలాగో కుదురుతుందిలే అనుకున్నాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు, నవ్వు ఆపుకోలేక. నాకు మాత్రం నా పెళ్లి గుర్తొచ్చింది. నాన్న లేరు, అన్నయ్యకి అప్పటికి పెళ్లి కాలేదు కదా, పీటల మీద కూర్చుని నన్ను ధారపొయ్యమని పెదనాన్నని అడిగాడు, బాబాయినీ అడిగాడు. ఇద్దరూ అలుగుతారని ఇద్దరికీ మాటిచ్చేశాడు. ఇద్దరూ భార్యల్ని వెంటబెట్టుకుని పట్టుబట్టలతో మండపంలోకి వచ్చారు. అప్పుడేం చేశాడో తెలుసా? వీధిలోకి వెళ్లి కారు పంక్చరైందని అక్కడే నిలబడ్డాడు. ఆ రోజు మొదలు పెదనాన్న, బాబాయి మాట్లాడుకోలేదు. ఇద్దరికీ మా అన్నయ్యంటే మాత్రం ప్రాణం.

అదే మనకీ చేశాడు వదినా. మనిద్దరం పట్టుబట్టలు కట్టుకుని ఎదురూ బొదురూ నిలబడ్డాం, ఆయన కారు దగ్గర ఉన్నాడు.

ఫోటో పంపడం నాదే తప్పు. సిగ్గుగా ఉంది. ఇంకెప్పుడూ పంపను.

కానీ నా అనుమానం మాత్రం పూర్తిగా తీరలేదు. మమ్మల్ని పంపెయ్యమని మీరు డిసెంబర్లోనే ఎందుకడిగారు? అమ్మడానికి కాకపోతే మరి దేనికి? ఆ ఫోల్డరేమిటి? ఈసారైనా నిజం చెప్పండి.

వసుంధర


స్లైగో
25 ఏప్రిల్

వసూ,

ఉత్తరం రెండుసార్లు చింపి మూడోసారి రాస్తున్నాను.

ఇల్లు అమ్మడానికి కాదు. నేను ఉండటానికి. నేనొక్కదాన్నే.

డిసెంబర్లో నాకు పెర్త్ నుంచి మెసేజ్ వచ్చింది. శశికాంత్‌గారి భార్య, మీ అన్నయ్య స్నేహితుడి భార్య. "ఆస్ట్రేలియా వస్తున్నారట, కంగ్రాట్స్, మా వీధిలోనే ఇల్లు చూస్తున్నాం" అని. అప్పటికి ఆ సంగతి ఆవిడకి తెలుసు, నాకు తెలియదు. అడిగితే "శశి అంతగా పిలిస్తే సరేనన్నాను, నీతో చెబుదామనే అనుకుంటున్నా" అన్నారు. నేను రానన్నాను. సరేనన్నారు. లూకన్ ఇంట్లో ఉంటానన్నాను. దానికీ సరేనన్నారు. నేను సర్దుకుంటానని ఆయన ధీమా. ఇన్నాళ్లూ సర్దుకున్నాను కదా.

మీ అన్నయ్య చెడ్డవారు కాదు. నన్ను ఒక్క మాట అనలేదు, చెయ్యెత్తలేదు. లోకంలో ప్రతివాడికీ సరేనంటారు, ఆ ప్రతి సరేకీ మూటాముల్లే సర్దేది నేను. కాకినాడలో మేడ మీద తోట వేస్తే, కాయ కాసేలోపు లెటర్‌కెన్నీ. లెటర్‌కెన్నీలో బఠాణీ తీగె పందిరెక్కేలోపు లూకన్. లూకన్‌లో గులాబీలు రెండో వేసవి చూడకుండానే స్లైగో. మావాడు విశాల్ కార్క్‌లో యూనివర్సిటీకి వెళ్లిపోయాడు, ఇక వాడి బడి అన్న సాకు కూడా లేదు నాకు. ఇప్పుడు పెర్త్. నాకు నలభై తొమ్మిది, వసూ. ఇంక నావల్ల కాదు. చెప్పేస్తున్నాను, నావల్ల కాదు.

ఎమ్మెస్సీలో చదివానే గానీ బాప్టీషియాని నేను ఎన్నడూ నేలలో పెట్టలేదు. మూడేళ్లు ఒకచోట ఉంటానన్న ధైర్యం ఎప్పుడుందని? నువ్వు పెడతానని అంత సులువుగా రాసేసరికి నాకు కడుపు మండిపోయింది. నా ఇంట్లో, నా పెరట్లో, నేను పెట్టలేని మొక్క నువ్వు పెడతావా అని. అందుకే కుండీలు పెట్టుకోమన్నాను. తర్వాత నేనొచ్చి ఉండబోయే గది కిటికీ కిందైతే పోనీ చూసుకుంటూ ఉండచ్చనిపించింది. ఎండ సంగతి నాకు తెలియక కాదు.

కొలతల మనిషిని పంపింది నేనే. విత్తనాలు మొలకెత్తించుకోడానికి చిన్న గాజు షెడ్డు పడుతుందేమోనని. తెలియదని అబద్ధం రాశాను. ఫోల్డర్లో ఉన్నవి నా సర్టిఫికెట్లు. క్లోనీ దాటాక ఒక మొక్కల నర్సరీ ఉంది, అక్కడ ఇంటర్వ్యూ. పాతికేళ్ల తర్వాత నన్ను ఎవరో బాటనీ ప్రశ్న అడిగారు వసూ. మే ఇరవైన రమ్మన్నారు.

నువ్వు అనుమానించింది నిజమే. మిమ్మల్ని పంపించాలనే చూశాను. ఆశ్రిత పరీక్ష సంగతి తెలిసి కూడా చూశాను. మీరే వెళ్తామన్నారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు అది అబద్ధమని తెలిశాక అడగను. మీరు ఉండండి. నాకు క్లోనీ చుట్టుపక్కల ఒక గది ఎక్కడైనా దొరుకుతుందేమో నీకు తెలిసినవాళ్లని అడుగు. పదిచోట్ల అడిగాను, ఒక్కరూ పలకలేదు. దొరక్కపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే పెర్త్. ఈసారి వెళ్తే మళ్లీ వెనక్కి రాలేను.

మీ అన్నయ్యకి చెప్పకు. చెప్పవని నమ్మకం లేదు, అయినా అడుగుతున్నాను.

మీ గిరిజ వదిన


లూకన్
13 మే

వదినకి,

జవాబు ఆలస్యమైంది. కావాలనే ఆలస్యం చేశాను, అది కూడా చెప్పేస్తున్నాను. మీ ఉత్తరం చదివి ఏడ్చాను. కళ్లు తుడుచుకోగానే, ఇది మమ్మల్ని ఖాళీ చేయించడానికి కొత్త ఎత్తేమో అనిపించింది. నా పుట్టుకే అంత. ఆ నర్సరీకి మొక్క కొనే వంకన వెళ్లాను. గడ్డం ఆయన ఒకాయన ఉన్నాడు. ఇండియన్ ఆవిడ ఎవరో ఇక్కడ చేరుతున్నారట కదా అన్నాను. "ఆ, గిరిజా! షీ నోస్ హర్ స్టఫ్" అన్నాడు, మీ పేరు భలే ముద్దుగా పలికాడు. అక్కడే తెల్ల పియొనీ కొనుక్కుని వచ్చాను.

మీకు గది ఎక్కడా వెతకలేదు. బాక్స్ రూమ్ ఖాళీ చేశాను. అందులో మా ఆయన పాత కంప్యూటర్లు గుట్టగా ఉండేవి, వాటిని అట్టపెట్టెల్లో పెట్టి అటకెక్కించాను. ఆయన మూతి ముడుచుకున్నారు గానీ "ఇంటి మీద ఆవిడ పేరు కూడా ఉంది, రమ్మనడానికి మనమెవరం?" అన్నారు. రేడియేటర్ పనిచేస్తోంది. కిటికీ కొంచెం గాలి కొడుతుంది, ఆయన రబ్బరు పట్టీ వేశారు. ఆశ్రిత "అత్తయ్య క్యాన్ టీచ్ మీ బయాలజీ, దట్స్ డెడ్లీ" అంది. డెడ్లీ అంటే ఇక్కడ భలే అని అర్థం, కంగారుపడకండి.

మడి మాత్రం కిటికీ కింద వెయ్యలేదు, దక్షిణం వైపే వేశాను. మీకు కనపడకపోతే లేచి వంటింట్లోకి రండి. తవ్వి గులకరాయి కలిపించాను. మూడు మొక్కలూ ఇంకా కుండీల్లోనే ఉన్నాయి. ఎంతెంత దూరంలో పెట్టాలో నాకు తెలియదు, మీరొచ్చి పెట్టండి.

నాకు భయం లేదనుకోకండి. పూత రావడానికి మూడేళ్లన్నారు. మూడేళ్లు మీరూ నేనూ ఒకే వంటింట్లో ఉండాలి. మీరు చారులో బెల్లం వేస్తారు, నేను వెయ్యను. మీరు నన్ను అనుమానిస్తారు, నేను మిమ్మల్ని అనుమానిస్తాను. సుధేష్ణ మధ్యలో వచ్చి టీ తాగుతుంది.

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. నేనేం చెప్పలేదు, ఒట్టు. మీరు సూట్‌కేసు దించడం చూసి ఆయనకే అర్థమైంది. "నాన్న పోయాక నిన్ను చదివించాను, పెళ్లి చేశాను, ఇల్లిచ్చాను. ఎప్పుడైనా ఏమైనా అడిగానా వసూ? ఇప్పుడు ఒక్కటి అడుగుతున్నా. మీ వదినని అక్కడ చేర్చుకోకు. ఉండటానికి చోటు లేకపోతే తనే నాతో వస్తుంది" అన్నాడు.

వదినా, ఆయన అన్నది ప్రతి అక్షరం నిజం. ఆ మనిషి లేకపోతే నేను లేను. ఎదురుగా బాక్స్ రూమ్ తలుపు తెరిచి ఉంది.

మేనూత్ స్టేషన్లో దిగండి, డబ్లిన్ దాకా వెళ్లకండి. మా ఆయన కారు తెస్తారు.

అన్నయ్యకి కాదని చెప్పడం నాకు చేతకాదు. "సరే అన్నయ్యా, చేర్చుకోను" అన్నాను. ఫోన్ పెట్టేసి వెళ్లి మీ మంచం మీద దుప్పటి పరిచాను.

మీ ఆడపడుచు,
వసుంధర